అబ్సింత్ రుచి చూసే ముందు ఒకసారి బేగంబజార్ వెళ్ళిరండి

జీడిమెట్లలో ఒక ఎసెన్స్ ఫ్యాక్టరీలో 26 ఏళ్ళు పనిచేశాను. బిస్కెట్లకు, సోడాలకు, దగ్గు సిరప్‌లకు వాసనలు కలపడం నా ఉద్యోగం. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా సన్నటి కాగితం ముక్కల్ని సీసాల్లో ముంచి, ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని, ఏది నిన్నటిలా ఉంది, ఏది తేడా కొట్టింది అని రాసేవాణ్ణి. రిటైరయ్యాక ఆ అలవాటు పోలేదు. మా అక్క కొడుకు స్విట్జర్లాండ్‌లో లోజాన్‌లో ఉంటాడు. వచ్చినప్పుడల్లా అబ్సింత్ అనే మూలికల మద్యం సీసాలు ఒకటో రెండో తెస్తాడు. అలా ఇప్పటికి 14 రకాలు రుచి చూసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

మా ఇంటికి వచ్చే స్నేహితులు ఆ సీసాలు చూడగానే అడిగే మాట ఒకటే: "అది తాగితే కళ్ళ ముందు ఏవేవో కనిపిస్తాయట కదా?" కనిపించవు. ఆ సంగతి తర్వాత చెబుతాను. అబ్సింత్‌ని అడగాల్సింది "నీలో ఏ మూలికలు ఉన్నాయి, నీళ్ళు పోశాక అవి నిలబడతాయా?" అని. జవాబు వినగలిగే ముక్కును తయారు చేసుకోవడానికి హైదరాబాద్ లాంటి ఊరు దొరకడం మన అదృష్టం. ఎందుకో చెబుతాను.

ముందు మూలికలు, తర్వాతే సీసా

అబ్సింత్‌కి ప్రాణం మూడు మూలికలు: వర్మ్‌వుడ్ అనే చేదు ఆకు, గ్రీన్ అనిస్ అనే సోంపు లాంటి చిన్న గింజ, ఫెనల్ అంటే మన సోంపు. వీటిని ఘాటైన మద్యంలో నానబెట్టి బట్టీ పెట్టి దించుతారు. దిగినది నీళ్ళలా తెల్లగా ఉంటుంది. అలాగే సీసాకెత్తితే అది తెల్ల అబ్సింత్. అందులో మళ్ళీ చిన్న వర్మ్‌వుడ్, హిసప్, లెమన్ బామ్ లాంటి ఆకుల్ని నానబెట్టి రంగు దింపితే పచ్చ అబ్సింత్.

ఇవన్నీ ఎక్కడివో పరాయి దేశపు మొక్కలనుకుంటాం. వర్మ్‌వుడ్‌ని మన ఊరి హకీములు తరతరాలుగా అఫ్‌సంతీన్ అంటున్నారు. అబ్సింత్, అఫ్‌సంతీన్ రెండూ ఒకే గ్రీకు మాట నుంచి వచ్చినవి. అది పడమటికి వెళ్ళి మద్యం పేరైంది, తూర్పుకి వచ్చి యునానీ మందు పేరైంది. గ్రీన్ అనిస్ యునానీలో అనీసూన్, హిసప్ జూఫా. బేగంబజార్‌లో యునానీ మూలికలు అమ్మే కొట్టుకి వెళ్ళి ఈ మూడూ కొద్దికొద్దిగా అడగండి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు కొట్టు పెద్దాయన అఫ్‌సంతీన్ పొట్లం కడుతూ "బహుత్ కడ్వా హై సాబ్" అని రెండుసార్లు హెచ్చరించాడు. తాగడానికి కాదు, వాసన చూడటానికని చెప్పాను. ఆయన ఒక రెమ్మ తీసి అరచేతిలో నలిపి నా ముందు పెట్టాడు. అదే నా మొదటి పాఠం.

మీరూ అలాగే నలపండి. ముందు ఎండుగడ్డి, దుమ్ము వాసన. రెండు క్షణాల తర్వాత చల్లగా, కర్పూరం పక్కింటి చుట్టంలా ఒక వాసన లేస్తుంది. ఇది మీకు తెలిసిన వాసనే. వినాయక చవితి నాడు 21 పత్రుల్లో మొదట వేసేది మాచిపత్రి; అది ఈ వర్మ్‌వుడ్ జాతిదే. గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో దండల మధ్య గుచ్చడానికి కట్టలు కట్టి అమ్మే దవనం కూడా ఆ జాతిదే, కాస్త తియ్యటి చెల్లెలు. మంచి అబ్సింత్ గ్లాసు మొదటిసారి ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు నాకు మా అమ్మ చవితి పొద్దున పళ్ళెంలో పరిచిన తడి పత్రి గుర్తొచ్చింది. పెద్ద ఖరీదైన సీసాల్లో కూడా నేను ముందు వెతికేది ఆ వాసననే.

ఇప్పుడు అఫ్‌సంతీన్ రెమ్మ కొసని నాలుక చివర ఒక్కసారి తాకించి తీసేయండి. నేలవేము కషాయం తాగినవాళ్ళకి కొత్తేమీ కాదు గానీ, ఆ చేదు పది నిమిషాలైనా వదలదు. ఈ చేదు పదార్థం బట్టీలో ఆవిరితో పాటు పైకి లేవదు, అడుగునే ఉండిపోతుంది. అందుకే సరిగ్గా దించిన అబ్సింత్‌లో చేదు లీలగానే ఉంటుంది, పచ్చ రకంలో రంగు దింపే ఆకుల వల్ల వచ్చే కొద్దిపాటి చేదు అది. నోట్లో పోసుకోగానే వేపాకు నమిలినట్టుంటే అది దించిన సరుకు కాదు, మద్యంలో ఆకు నానబెట్టి వడకట్టినదని అనుమానించాలి.

సోంపు విషయంలో చాలామంది తికమకపడతారు. మనం భోజనం తర్వాత నమిలేది ఫెనల్. అనీసూన్ గింజ ఇంచుమించు వామంత ఉంటుంది, నమిలితే మెత్తటి తీపి. బిర్యానీలో వేసే అనాస పువ్వు చెట్టే వేరు, కానీ వాసననిచ్చే తైలం మూడింటిలోనూ ఒకటే, అనెథోల్. అనాస పువ్వులో అది దండిగా ఉంటుంది కాబట్టి చవకగా చేసేవాళ్ళు దాన్ని వాడతారు. మూడింటినీ నోరు పుక్కిలిస్తూ విడివిడిగా నమలండి. అనాస పువ్వు రేక నమిలాక నాలుక మొద్దుబారినట్టవుతుంది. ఆ మొద్దుబారడాన్ని గుర్తుపెట్టుకోండి, గ్లాసు దగ్గర పనికొస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఈ మూలికల్ని వోడ్కాలో నానబెట్టి ఇంట్లో అబ్సింత్ చేద్దామనుకోవద్దు. వర్మ్‌వుడ్ తైలం విడిగా కొని రెండు చుక్కలు కలుపుకుందామని అస్సలు అనుకోవద్దు, అది విషం. కొనుక్కున్నవి వాసన నేర్చుకోవడానికే.

సీసా

2014లో ఒక ఎయిర్‌పోర్టు దుకాణంలో మొదటి అబ్సింత్ కొన్నాను. పిప్పరమెంటు బిళ్ళ రంగులో మెరుస్తూ, లేబుల్ మీద పెద్ద కన్ను బొమ్మతో ఉంది. ఇంటికొచ్చి చెంచాలో పంచదార పెట్టి, దుకాణంలో చెప్పినట్టు నిప్పంటించి, నీళ్ళు పోశాను. రంగు మారలేదు. పొగమంచులా కమ్ముకుంటుందన్నది ఏమీ కమ్ముకోలేదు. వాసనలో సోంపు లేదు, నోట్లో చేదూ మంటా తప్ప ఏమీ లేవు. అబ్సింత్ అంటే ఇంతేనేమో అనుకుని ఆ తర్వాత చాలాకాలం దాని జోలికి పోలేదు. అంతకాలం పోగొట్టుకున్నందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ మంట పెట్టడమనేది 1990లలో చెక్ దేశపు బార్ల నుంచి పాకిన వేడుక. పాత పద్ధతిలో నిప్పు లేదు. పంచదార మాడిన వాసన మూలికల్ని కప్పేస్తుంది కాబట్టి రుచి చూడాలనుకునేవాళ్ళు అగ్గిపెట్టె పక్కన పెట్టేయాలి.

కొనేటప్పుడు సీసా వెనక చూడండి. రంగు కలిపారా, ఆకులతో వచ్చిన రంగా అన్నది చాలావాటి మీద ఉంటుంది. పచ్చ రకం ముదురు గాజు సీసాలో ఉండటం మంచి గుర్తు, వెలుతురు తగిలితే ఆకు పసరు నిలవదు. ఘాటు 45 శాతం నుంచి 70 పైదాకా ఉంటుంది. విదేశాల నుంచి తెప్పించుకునేవాళ్ళు రెండు విషయాలు గమనించాలి. 70 శాతం దాటిన మద్యాన్ని విమానంలో ఏ బ్యాగులోనూ తేనివ్వరు. శంషాబాద్‌లో దిగే ప్రయాణికుడికి సుంకం లేకుండా అనుమతి 2 లీటర్లు. మా మేనల్లుడు ఒకసారి 72 శాతం సీసా కొని, చెక్ ఇన్ దగ్గర వదిలేసి వచ్చాడు.

గది, నీళ్ళు, గ్లాసు

నేను ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి మొదలుపెడతాను. అప్పటికి మధ్యాహ్నం పోపు వాసన ఇంట్లోంచి పోయి ఉంటుంది, కిటికీలోంచి వెలుతురు ఇంకా ఉంటుంది. అగరుబత్తి, సెంటు, నోట్లో పాన్ ఏవీ ఉండకూడదు. నోరు శుభ్రం చేసుకోవడానికి ఉప్పు లేని మరమరాలు, కీరా ముక్కలు. మిర్చి బజ్జీలు తెచ్చే స్నేహితులుంటే వాటిని చివరిదాకా వంటింట్లోనే ఉంచమనండి.

నీళ్ళు చాలా ముఖ్యం. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళతో ఒకసారి పోసి చూశాను, ఆ ఉప్పదనం తెల్ల అబ్సింత్‌లోని సున్నితమైన పూల వాసనని నొక్కేసింది. ఫిల్టర్ నీళ్ళు ఫ్రిజ్‌లో రాత్రంతా పెట్టి, పోసే ముందు జగ్గులో ఐసు ముక్కలు వేయండి. గ్లాసులో ఐసు వేయొద్దు, మన ఎండల్లో అది కరిగి కొలత తప్పిస్తుంది. అన్ని సీసాలకీ ఒకే రకం పలచటి గాజు గ్లాసు ఉండాలి. చుక్కలుగా పోయడానికి వాళ్ళ దేశంలో కుళాయిల ఫౌంటెన్ ఉంటుంది. నేను మెడికల్ షాపులో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజి సూది తీసేసి వాడతాను. చుక్క నా చేతిలో ఉంటుంది, కొలతా తెలుస్తుంది.

ఒక్కో రకానికి 15 మిల్లీలీటర్లు చాలు. ఒక పూటకి మూడు రకాలు మించొద్దు. 68 శాతం అబ్సింత్ 30 మిల్లీలీటర్లంటే మామూలు 42.8 శాతం విస్కీ ఒకటిన్నర పెగ్గు కంటే ఎక్కువ. నీళ్ళు కలిపాక తియ్యగా దిగిపోతుంది కాబట్టి ఆ లెక్క మర్చిపోతాం. వచ్చినవాళ్ళు బండి తాళాలు ఇంట్లో పెట్టి క్యాబ్‌లో రావాలని నా షరతు. తెల్ల రకం ముందు, పచ్చ రకం తర్వాత. తక్కువ ఘాటు ముందు, ఎక్కువ ఘాటు తర్వాత.

చూడటం

15 మిల్లీలీటర్లు పోసి, గ్లాసు వెనక తెల్ల కాగితం పెట్టండి. పచ్చ రకమైతే లేత తమలపాకు రంగు నుంచి ఆలివ్ కాయ రంగు దాకా ఏదైనా సరే. పాతబడిన సీసాలో పచ్చదనం పోయి ఎండుటాకు రంగు వస్తుంది. భయపడక్కర్లేదు, గోంగూర ఉడికిస్తే పచ్చదనం పోయి ఖాకీ రంగుకి తిరగదూ, ఆ ఆకుపచ్చ పదార్థమే ఇక్కడా నెమ్మదిగా మారుతుంది. అనుమానించాల్సింది సబ్బు ప్రకటనలా మెరిసే పచ్చని, నీలం కలిసిన పచ్చని.

ఇప్పుడు వాసన. ముక్కు గ్లాసులో పెట్టొద్దు, మద్యం ఘాటు ముక్కుని చంపేస్తుంది. గ్లాసుని గడ్డం దగ్గర పట్టుకుని నోరు కొంచెం తెరిచి మెల్లగా పీల్చండి. ఈ దశలో సోంపు, మాచిపత్రి రెండూ తెలియాలి. సారా వాసన ముందు నిలబడితే అది మంచి లక్షణం కాదు. ముక్కు అలిసిపోతే మీ చొక్కా చేతి మీద ఒకసారి వాసన చూడండి, ఫ్యాక్టరీలో మేమందరం చేసేది అదే.

నీళ్ళు

ఇక్కడ తొందరపడితే సగం సంగతి చేజారినట్టే. సిరంజితో ఒక చుక్క వేయండి, రెండు సెకన్లు ఆగండి, ఇంకో చుక్క. చుక్క పడ్డ చోట నూనెలో నీళ్ళు పడ్డట్టు మెలికలు తిరుగుతూ గీతలు దిగుతాయి. 10 మిల్లీలీటర్ల దాకా పెద్ద మార్పు కనిపించదు. ఆ తర్వాత అడుగున సన్నటి పొగ పుడుతుంది. అది మెల్లగా పైకి ఎక్కుతుంది, కానీ పైన వేలి గోరంత మందాన ఒక పచ్చటి పొర మాత్రం తేటగా మిగులుతుంది. ఇంకో నాలుగైదు చుక్కలకి ఆ పొర పలచబడి, చివరికి మాయమవుతుంది. గ్లాసంతా లేత పచ్చ తిరిగిన బియ్యం కడుగు నీళ్ళలా అయిపోతుంది.

మొదటిసారి చూసినప్పుడు మేనల్లుడు "మామయ్యా, ఇది డెట్టాల్‌లో నీళ్ళు పోసినట్టుందే!" అన్నాడు.

"అదే రా, సరిగ్గా అదే. దానికోసమే కూర్చున్నాం, ఇంకా పొయ్యకు, ఆగు" అన్నాను.

వాడన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. సోంపు తైలం మద్యంలో కరుగుతుంది, నీళ్ళలో కరగదు. నీళ్ళు పెరిగేకొద్దీ అది కంటికి కనిపించనంత చిన్న బొట్లుగా విడిపోయి వెలుతుర్ని చెదరగొడుతుంది. డెట్టాల్‌లో పైన్ ఆయిల్‌ది ఇదే కథ. ఫ్రెంచి వాళ్ళు దీన్ని లూష్ అంటారు.

గ్లాసుని కిటికీ వైపు ఎత్తి పట్టుకోండి. మంచి లూష్‌లో అంచుల దగ్గర లేత నీలం, మధ్యలో తేనె రంగు ఛాయ కనిపిస్తాయి. నాలుగు చుక్కలకే పాలలా గట్టిగా కమ్మేస్తే అనాస పువ్వు మోతాదు ఎక్కువైందని నేను రాసుకుంటాను. అసలు కమ్ముకోకపోతే సోంపు తైలం లేనట్టే, నా 2014 సీసాలా.

ఎన్ని నీళ్ళు? ఒక వంతు అబ్సింత్‌కి, అది 53 శాతమైతే మూడు వంతుల నీళ్ళు, 68 శాతమైతే నాలుగు వంతుల నీళ్ళు మొదట పోస్తాను. అప్పుడు రెండూ ఇంచుమించు వైన్ ఘాటుకి, 13 శాతం చిల్లరకి వస్తాయి, పోల్చడం న్యాయంగా ఉంటుంది. పంచదార వేయను. రుచి చూడటం అయిపోయాక, తాగడానికి కావాలంటే ఒక ముక్క వేసుకోవచ్చు.

నోట్లో

నీళ్ళు పోశాక ముక్కు మళ్ళీ పెట్టండి. వాసన విచ్చుకున్నట్టు ఉంటుంది, మద్యంలో బిగిసి ఉన్న తైలాలు బయటికి వస్తాయి. ఇప్పుడు ఒక చిన్న గుటక తీసుకుని, నాలుక మీద అటూ ఇటూ తిప్పి, మింగి, నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి వదలండి. ముందు సోంపు తీపి వస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు మాచిపత్రి రావాలి, దాని వెనక జూఫా ఘాటు, నిమ్మ వాసన కొద్దిగా. మింగాక ఎంతసేపు ఉందో మనసులో లెక్కపెట్టండి. నా నోట్‌బుక్‌లో మంచివి 40 దాటాయి. నాలుక మొద్దుబారితే అనాస పువ్వు రేక గుర్తు తెచ్చుకోండి.

మార్కులు నేను 50కి వేస్తాను: రంగుకి 5, లూష్‌కి 10, వాసనకి 10, రుచికి 15, మింగాక నిలిచేదానికి 10. రంగుకి అంత తక్కువ ఎందుకంటే కంటికి మోసపోవడం తేలిక.

పోల్చి చూడటానికి మొదట ఇవి ప్రయత్నించండి. లా క్లాందెస్తీన్, క్యూబ్లర్ రెండూ స్విస్ తెల్ల రకాలే, రెండూ 53 శాతమే. పక్కపక్కన పెడితే తేడా చక్కగా తెలుస్తుంది. నాకు మొదటిదాంట్లో పూలతేనె లాంటి మెత్తదనం ఎక్కువ, రెండోదాంట్లో సోంపు ముందుకొస్తుంది. ఫ్రాన్స్‌లో సోమూర్‌లో దించే జేడ్ 1901 పచ్చ రకం, 68 శాతం. దాంట్లో మూడు మూలికలూ ఒకదాన్నొకటి తొక్కకుండా నిలబడతాయి. నాలుగు వంతులకి ఐదో వంతు నీళ్ళు పోసినా మాచిపత్రి పోలేదు. నా దగ్గర అన్నిటికంటే ఎక్కువ, 46 మార్కులు దానికే.

కనిపిస్తాయన్న మాట

అబ్సింత్ పుట్టింది స్విట్జర్లాండ్‌లో వాల్ ద త్రావేర్ లోయలో. 1805లో అబ్సింత్ దించే పెర్నో కుటుంబం సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లో పోంతార్లియేలో ఫ్యాక్టరీ పెట్టింది. 1901 ఆగస్టులో ఆ ఫ్యాక్టరీ మీద పిడుగు పడి మంటలొస్తే, సరుకు పేలకుండా పీపాల్లోని అబ్సింత్‌ని దూ నదిలోకి వదిలేశారు. కొద్ది రోజులకి కొన్ని కిలోమీటర్ల అవతల లూ నది పుట్టే చోట నీళ్ళు సోంపు వాసన కొట్టాయి. రెండు నదులకీ భూమి లోపల సంబంధం ఉందని అలా బయటపడింది. ఈ కథ చదివినప్పటినుంచి ఆ వాసన మీద నాకు గౌరవం పెరిగింది.

1910లో స్విట్జర్లాండ్, 1915లో ఫ్రాన్స్ దీన్ని నిషేధించాయి. వర్మ్‌వుడ్‌లోని థుజోన్ అనే పదార్థం పిచ్చెక్కిస్తుందన్నది ఆరోపణ. 2008లో నిషేధానికి ముందటి పాత సీసాల్ని పరీక్షిస్తే థుజోన్ సగటున లీటరుకి 25 మిల్లీగ్రాములే తేలింది. ఇప్పుడు ఐరోపా అనుమతించేది కిలోకి 35. అంటే పాతదానికీ కొత్తదానికీ ఆ లెక్కలో తేడా లేదు. మనుషుల్ని పాడుచేసింది అందులో ఉన్న 70 శాతం మద్యమే. స్విట్జర్లాండ్ 2005లో నిషేధం ఎత్తేసింది. కాబట్టి "థుజోన్ ఎక్కువ" అని గొప్పగా అమ్మే సీసా కనిపిస్తే పక్కన పెట్టండి. రుచి గురించి చెప్పుకోవడానికి ఏమైనా ఉంటే వాళ్ళు అదే చెప్పుకునేవారు.

మర్నాడు పొద్దున

గ్లాసుల్ని ఆ రాత్రే కడిగేయొద్దు. అడుగున ఒక తడి పొర మిగలనిచ్చి, ఏ సీసాదో చీటీ రాసి, బోర్లించకుండా పెట్టండి. పొద్దున కాఫీ తాగకముందు ఒక్కొక్కటే వాసన చూడండి. మద్యం ఎగిరిపోయి ఉంటుంది, మిగిలింది మూలికలే. కొన్నిట్లో సోంపు మిఠాయి వాసన తప్ప ఏమీ ఉండదు. కొన్నిట్లో ఏమీ ఉండదు. జేడ్ గ్లాసులో చవితి మర్నాడు పీట మీద వాడిన పత్రి వాసన ఉంటుంది. అది కూడా నోట్‌బుక్‌లో రాసుకుని అప్పుడు కడగండి. సోంపు తైలం మొండిది, వేడినీళ్ళు పోసి రెండుసార్లు తోమాలి.